మందు సీసాకు జరిగిన దిద్దుబాటు

మాత్రల సీసా చేతికి తీసుకున్నవారికి మొదట తెలియవలసినవి మూడు సంగతులు. ఈ మందు ఎవరిది? దీని పేరేమిటి? ఎట్లా వేసుకోవాలి? అమెరికాలో మందుల దుకాణంవారు డాక్టరు రాసిన మాత్రలను లెక్కపెట్టి ఒక చిన్న సీసాలో పోసి, దానిమీద రోగి పేరుతో లేబులు అంటించి ఇస్తారు. ఆ లేబులు మీద ఈ మూడు సంగతులూ ఉండేవి. కాని వాటికంటె పెద్ద అక్షరాలలో, అన్నిటికంటె పైన, చాల చోట్ల దుకాణం పేరూ చిరునామా ఉండేవి. రోగి వెదకవలసినది సన్నటి అక్షరాలలో ఉండేది. వెదకనక్కరలేనిది కొట్టవచ్చినట్లు కనిపించేది.

ఇట్టి సీసా ఒకటి డెబొరా ఆడ్లర్ ఇంట్లో ప్రమాదానికి కారణమయింది. ఆమె అప్పుడు న్యూయార్కు నగరంలోని స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో గ్రాఫిక్ డిజైను చదువుతున్న విద్యార్థిని. ఆమె అవ్వకూ తాతకూ డాక్టరు ఒకే మందును వేర్వేరు మోతాదులలో ఇచ్చాడు. సీసాలు రెండూ ఒకే మాదిరిగా ఉన్నవి. అవ్వ పొరపాటున తాత మాత్రలు మింగింది. ఈ పొరపాటుకు అవ్వ మతిమరుపును నిందించడం తేలిక. ఆడ్లర్ తప్పును సీసాలో వెదికింది. 2002లో మాస్టర్సు పట్టానికి ఆమె సమర్పించిన థీసిస్ అంశం ఇదే. ఆ విద్యార్థి నమూనా అనేక దిద్దుబాట్లు పొంది 2005లో టార్గెట్ అనే దుకాణాల సంస్థ ద్వారా ‘క్లియర్ ఆర్‌.ఎక్స్‌.’ అనే పేరుతో ప్రజల చేతికి వచ్చింది. న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దానిని తన సేకరణలో చేర్చుకున్నది.

ఈ సీసాను మెచ్చుకున్నవారు చాలమంది. అయితే మెచ్చుకోలు కంటె పరిశీలించదగినది మరొకటి ఉన్నది. విద్యార్థి దశలోని నమూనాకూ, దుకాణంలోకి వచ్చిన వస్తువుకూ మధ్య ఏది మారినది, ఏది మారలేదు, ఏది మారవలసి ఉండి కూడ మారలేదు అన్నది చూచినచో, విమర్శను స్వీకరించి పనిని దిద్దుకోవడం ఎట్లాగో బోధపడుతుంది. ఆ దృష్టితో ఈ సీసాను పరీక్షించవచ్చు.

పాత సీసాలోని దోషాలు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చిన ఆ గుండ్రటి తేనెరంగు సీసా, మూత సంగతి తప్పిస్తే, ఆరు దశాబ్దాలపాటు ఇంచుమించు అట్లాగే ఉండిపోయింది. దాని రంగుకు ఒక శాస్త్రీయ కారణం ఉన్నది. కొన్ని మందులు వెలుతురు తగిలితే చెడిపోతాయి. ముఖ్యంగా తక్కువ తరంగదైర్ఘ్యం గల నీలికాంతి, అతినీలలోహిత కిరణాలు వాటికి హాని చేస్తాయి. తేనెరంగు ఆ కిరణాలలో చాల భాగాన్ని అడ్డగిస్తుంది. కాబట్టి రంగు విషయంలో పాత సీసా తన పని చక్కగానే చేసింది. అది మందును కాపాడింది. మందు వేసుకునే మనిషిని గురించి మాత్రం దాని తయారీలో ఎవరూ ఆలోచించినట్లు లేదు.

ఆడ్లర్ దోషాలను ఒక్కొక్కటిగా పట్టిక వేసింది. ఏ దుకాణం లేబులు ఆ దుకాణానిదే. ఒకదానికీ మరొకదానికీ పోలిక లేదు. అంకెలు వివరణ లేకుండా ముద్రించబడి ఉండేవి. లేబులు మీద ‘10’ అని ఉంటే అది పది మాత్రలా, పది సార్లా అన్నది పాఠకుని ఊహకే వదిలిపెట్టడం జరిగింది. హెచ్చరిక చీటీల మీద ముదురు రంగుపై నల్లటి అక్షరాలు ఉండేవి. అక్షరానికీ దాని వెనుక ఉన్న రంగుకూ వెలుగులో తేడా తగ్గినకొద్దీ చదవడం కష్టమవుతుంది. ముసలివారి కళ్ళకు ఈ కష్టం మరింత ఎక్కువ. మందులు ఎక్కువగా వాడేవారూ వారే కదా!

వంపు మీద అక్షరం

అన్నిటికంటె పెద్ద దోషం సీసా గుండ్రంగా ఉండటం. ఇది హైస్కూలు గణితంతో తేల్చుకోదగిన విషయం.

3 సెంటీమీటర్ల వ్యాసం గల సీసా తీసుకుందామనుకోండి. దాని చుట్టుకొలత సుమారు 9.4 సెంటీమీటర్లు. ఎదురుగా నిలిచి చూచేవానికి అందులో సగం, అనగా 4.7 సెంటీమీటర్లు, కంటబడుతుంది. అయితే కంటబడినదంతా చదవడానికి వీలుండదు. సరిగా ఎదుట ఉన్న అక్షరం తన పూర్తి వెడల్పుతో కనిపిస్తుంది. పక్కకు జరిగినకొద్దీ అది సన్నబడుతుంది. మధ్య నుంచి 60 డిగ్రీల కోణంలో ఉన్న అక్షరం సగం వెడల్పుకు, 75 డిగ్రీల వద్ద ఉన్నది దాదాపు నాలుగోవంతుకు తగ్గిపోతుంది. కోణపు కొసైను విలువలే ఈ నిష్పత్తులు. సగం వెడల్పు వరకు చదవగలమని ఒప్పుకున్నా, ఇరుపక్కలా 60 డిగ్రీలు కలిపి 120 డిగ్రీలు. అది చుట్టుకొలతలో మూడోవంతు, అనగా 3.1 సెంటీమీటర్లు. 7 సెంటీమీటర్ల పొడవు గల లేబులును ఇట్టి సీసాకు చుట్టితే, ఒక చూపులో సగంకంటె తక్కువే చదవగలుగుతాము. మిగిలినది చదవడానికి సీసాను తిప్పాలి. తిప్పేటప్పుడు ముందు చదివినది కంటికి దూరమవుతుంది.

ఆడ్లర్ విద్యార్థిగా చేసిన మొదటి నమూనా ఈ దోషానికి సూటియైన జవాబు. ఆమె సీసాను నిలువునా సగానికి కోసినట్లు, అర్ధచంద్రాకారంలో రూపొందించింది. వంపు ఒక పక్కకు పోయింది. రెండవ పక్క చదునయింది. చదును తలం మీద లేబులంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. ఒక విద్యార్థి థీసిస్‌గా చూస్తే ఇది మెచ్చుకోదగిన ఆలోచన. కాని వస్తువుగా చేయబోయినప్పుడు ఈ రూపం నిలవలేదు.

ఆకారం పోయింది, ఆశయం మిగిలింది

పసిపిల్లలు మాత్రలను మిఠాయి అనుకొని మింగే ప్రమాదాన్ని నివారించడానికి అమెరికాలో 1970లో ఒక చట్టం వచ్చింది. దాని ఫలితంగా పసివాళ్ళు తీయలేని మూతలు వాడుకలోకి వచ్చినవి. మూతను కిందికి నొక్కుతూ తిప్పాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేయడం పసివాళ్ళకు సాధారణంగా చేతకాదు. ఇట్టి మూత తిరగాలంటే సీసా మూతి వృత్తాకారంలో ఉండి తీరాలి. అర్ధచంద్రాకారపు మూతి మీద ఏ మూతా తిరగదు. చదవడానికి చదును కావాలి, మూత తిరగడానికి గుండ్రన కావాలి. అవ్వకు వచ్చిన ప్రమాదాన్ని తప్పించబోయి మనుమడికి ప్రమాదం తెచ్చిపెట్టకూడదు.

ఇక్కడ విద్యార్థి ముందు రెండు దారులు ఉంటాయి. తన ఆకారాన్ని పట్టుకొని వాదించడం ఒకటి. ఆకారంతోపాటు ఆలోచనను కూడ వదులుకోవడం రెండవది. చాల విద్యార్థి ప్రాజెక్టులు ఈ రెండు దారులలో ఏదో ఒకదానిలో అంతమవుతాయి. ఆడ్లర్ మూడవ దారి పట్టింది. టార్గెట్ సంస్థ నియమించిన పారిశ్రామిక డిజైనరు క్లౌస్ రోస్‌బర్గ్‌తో కలిసి పనిచేసి, సీసాను తలకిందులు చేసింది. కొత్త సీసా తన మూత మీదనే నిలబడుతుంది. అడుగున ఉన్న మూత గుండ్రనిది. పైనున్న సీసా ముందూ వెనుకా చదునుగా ఉన్నది. లేబులు ముందునుంచి సీసా తలమీదుగా వెనుకకు పోతుంది. దానివల్ల మందు పేరు నెత్తిమీద కూడ ముద్రించడానికి వీలయింది. సొరుగులో సీసాలు పక్కపక్కన నిలబెట్టినా, దేనినీ పైకి తీయకుండానే ఏది ఏమందో తెలుస్తుంది.

మొదటి నమూనాలోని అర్ధచంద్రాకారం ఇందులో ఎక్కడా లేదు. కాని ఆ ఆకారం దేనికోసం పుట్టిందో అది, అనగా ఒక్క చూపులో చదవగల చదును తలం, పూర్తిగా నిలిచింది. పైగా మొదటి నమూనాలో లేని లాభం కూడ చేకూరింది. ఇందులోని గొప్పతనం ఇదే. తన పనిలో ఏది సాధనమో, ఏది సాధ్యమో విడదీసి చూడగలిగిన వానికి విమర్శ నష్టం కలిగించదు.

లేబులు మీది మార్పులు

లేబులును ఆడ్లర్ ఒక అడ్డగీతతో రెండు భాగాలు చేసింది. గీతకు పైన మందు పేరు, మోతాదు, వేసుకునే పద్ధతి. గీతకు కింద మాత్రల సంఖ్య, గడువు తేదీ, డాక్టరు పేరు మొదలైనవి. ఇది చూడటానికి చిన్న మార్పు. కాని దీని వెనుక పెద్ద నిర్ణయం ఉన్నది: రోగికి అవసరమైనది ముందు, దుకాణానికి అవసరమైనది తరువాత.

మాటల ఎంపికలో చూపిన జాగ్రత్తకు ఒక ఉదాహరణ చాలు. రోజుకు ఒకసారి అని చెప్పేటప్పుడు ఇంగ్లీషులో వాడే ‘వన్స్’ అనే మాట వర్ణక్రమమే స్పానిష్ భాషలో పదకొండు అనే సంఖ్యకు కూడ వర్ణక్రమం. అమెరికాలో స్పానిష్ మాట్లాడేవారు కోట్లకొద్దీ ఉన్నారు. అందుచేత ఆడ్లర్ ఆ మాటను తీసివేసి ‘రోజూ’ అనే అర్థం గల మాటను మాత్రమే ఉంచింది. తన భాషలో తప్పులేని మాట చదివేవాని భాషలో ప్రాణం మీదికి తేవచ్చునని గ్రహించడం సామాన్యం కాదు.

హెచ్చరిక బొమ్మల సంగతి ఇంకొకటి. ‘పరగడుపున వేసుకోండి’ అని సూచించే పాత బొమ్మ ఆడ్లర్ కంటికి పెట్రోలు ట్యాంకు మాదిరిగా కనిపించింది. ఆమె సుప్రసిద్ధ డిజైనరు మిల్టన్ గ్లేజర్‌తో కలిసి ముఖ్యమైన 25 హెచ్చరికలను తిరిగి రూపొందించింది. బొమ్మ గీసినవానికి అర్థం కావడం పరీక్ష కాదు. దానిని మొదటిసారి చూచినవానికి అర్థం కావాలి.

ఒకే ఇంట్లో ఉండేవారి సీసాలు కలిసిపోకుండా సీసా మెడకు తొడిగే రబ్బరు ఉంగరాలు ఆరు రంగులలో ఇచ్చారు. ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కొక్క రంగు. అవ్వ చేసిన పొరపాటుకు ఇది సూటియైన జవాబు. మందును గురించిన వివరాల కార్డు పారవేయబడకుండా లేబులు వెనుకనే దోపి ఉంచే ఏర్పాటు కూడ చేశారు.

దిద్దుబాటుకు అందని లోపాలు

ఇంత చేసినా ఈ సీసాలో విమర్శకు తావున్నది. ఉంగరాల పద్ధతి కేవలం రంగు మీద ఆధారపడినది. ఐరోపా సంతతికి చెందిన పురుషులలో నూటికి సుమారు 8 మందికి ఎరుపు ఆకుపచ్చలను వేరుచేసి గుర్తించడంలో ఏదో ఒక లోపం ఉంటుంది. వయస్సు మీరినకొద్దీ కంటిలోని కటకం పసుపుబారి నీలం, ఆకుపచ్చ రంగుల తేడా కూడ సరిగా తెలియదు. రంగుతోపాటు ప్రతి ఉంగరానికి వేరువేరు గంట్లో బుడిపెలో పెట్టి ఉంటే, చీకటిలో కూడ వేలితో తడిమి పోల్చుకోవచ్చు. ముసలివారి కోసం పుట్టిన వస్తువులో ముసలి కళ్ళను గురించిన ఈ సంగతి విడిచిపెట్టడం లోపమే.

సీసా ఎరుపు రంగు మరొక ప్రశ్న. ఎరుపు జాగ్రత్తకు గుర్తు అన్నారు. అది టార్గెట్ సంస్థకు చిహ్నమైన రంగు కూడ. అయితే ఎరుపు హెచ్చరిక కావాలంటే చుట్టూ ఎరుపు కానివి ఉండాలి. అలమరలోని సీసాలన్నీ ఎర్రనివే అయినప్పుడు ఏ ఒక్కదానినీ చూచి జాగ్రత్తపడటం ఉండదు. లేబులు మీద దుకాణం పేరును వెనుకకు నెట్టిన డిజైనులో, దుకాణం రంగు సీసా అంతటా వ్యాపించడం ఆలోచించదగిన విషయం.

ఇవి చూపుతో చేసిన విమర్శలు. కొలతతో చేసిన విమర్శ మరొకటి ఉన్నది. కొత్త లేబులు వచ్చిన తరువాత దీర్ఘకాలిక జబ్బులవారు మందులు క్రమం తప్పక వాడటం పెరిగినదా అని కొందరు వైద్య పరిశోధకులు లెక్కలు తీసి, 2009లో ఫలితాన్ని ప్రకటించారు. చెప్పుకోదగ్గ మార్పు ఏదీ వారికి కనబడలేదు.

ఈ ఫలితాన్ని చూచి సీసా విఫలమయిందని తీర్మానించడం తొందరపాటు. ఒకరి మందు మరొకరు మింగకుండా చేయడం ఆడ్లర్ ఎత్తుకున్న సమస్య. మందు మానకుండా చేయడం వేరొక సమస్య. ఖరీదు భరించలేక మానేవారు, జబ్బు తగ్గిందనుకొని మానేవారు, మరచిపోయేవారు ఉంటారు. వారిని ఎంత చక్కటి లేబులైనా మార్చలేదు. అయినా ఈ పరిశీలన చేసిన మేలు గొప్పది. ‘చదవడం సులభమయింది’ అన్న వాక్యం నుంచి ‘ఆరోగ్యం బాగుపడింది’ అన్న వాక్యానికి ఒక్క గంతులో పోకూడదని అది హెచ్చరించింది. ప్రశంసలు, ప్రదర్శనశాలలు చెప్పలేని సంగతి ఇది.

రెండవ దిద్దుబాటు

2015లో టార్గెట్ సంస్థ తన మందుల విభాగాన్ని సి.వి.ఎస్. అనే సంస్థకు అమ్మివేసింది. 2016లో ఎర్ర సీసాలు పోయి పాత పద్ధతి గుండ్రటి సీసాలు మళ్ళీ వచ్చినవి. అలవాటుపడినవారు అసంతృప్తి వెలిబుచ్చారు. కొందరు ఖాళీ అయిన ఎర్ర సీసాలను దాచుకొని వాడుకున్నారు. మంచి డిజైను ఒక్క వ్యాపార సంస్థ సొత్తుగా ఉండిపోతే దాని ఆయుష్షు ఆ సంస్థ లెక్కల మీద ఆధారపడుతుందని ఈ ఘటన రుజువు చేసింది.

తరువాత ఆ కొత్త సంస్థే ఆడ్లర్‌ను పిలిపించింది. 2017లో ‘స్క్రిప్ట్‌పాత్’ అనే పద్ధతి ప్రకటించబడినది. ఈసారి పని సీసాతో మొదలు కాలేదు. రోగి వాడే మందులన్నిటినీ ఒకే కాగితం మీద పట్టికగా వేసి, ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం, పడుకునేముందు అనే నాలుగు వేళలలో ఏ వేళకు ఏ మందు ఎన్ని మాత్రలో చూపారు. మొదటి ప్రశ్న ‘ఈ సీసా ఎవరిది?’ అన్నది. పదిహేనేళ్ళ తరువాతి ప్రశ్న ‘ఈ మనిషి ఈ రోజు ఏమేమి వేసుకోవాలి?’ అన్నది. సీసా నుంచి మనిషికి దృష్టి మరలింది. ఆమె విద్యార్థి దశలో ఎంతో ఆలోచించి చెక్కిన సీసా ఆకారం ఈసారి ముఖ్యమే కాలేదు.

మన ఇళ్ళలో, మన బడులలో

మన దేశంలో మాత్రలు సాధారణంగా రేకు అట్టలలో వస్తాయి. దుకాణంవాడు పది మాత్రల అట్ట నుంచి నాలుగు కత్తిరించి ఇచ్చినప్పుడు, గడువు తేదీ ఒక్కొక్కసారి దుకాణంలోని ముక్క మీదనే ఉండిపోతుంది. మందు పేరు ఇంగ్లీషులో ఉంటుంది. వేసుకునే పద్ధతి నోటిమాట. వైద్యుని చీటీ లేకుండా వాడరాదని చెప్పడానికి యాంటిబయాటిక్ అట్టల మీద నిలువుగా ఒక ఎర్రగీత ఉంటుంది. దానిని గురించి ప్రజలకు తెలియజెప్పే ప్రచారాన్ని భారత ప్రభుత్వం 2016లో ప్రారంభించింది. ఆ గీత అర్థం తెలిసినవానికి హెచ్చరిక, తెలియనివానికి అలంకారం. పెట్రోలు ట్యాంకు మాదిరి బొమ్మకు వచ్చిన ఆక్షేపణే దీనికీ వర్తిస్తుంది. విద్యార్థులు తమ ఇంటిలో పెద్దలు వాడే మందుల అట్టలను, పెద్దల సమక్షంలోనే, పరిశీలించి ఏది చదవగలిగారో, ఏది చదవలేకపోయారో పట్టిక వేయవచ్చు. తరగతికి ఇది మంచి ప్రాజెక్టు అవుతుంది.

విజ్ఞాన ప్రదర్శనకు విద్యార్థులు పటాలు తయారుచేసే రోజులలో ఉపాధ్యాయులకు కూడ ఈ సీసా కథ పనికివస్తుంది. ‘పటం బాగులేదు, మళ్ళీ గీయి’ అంటే విద్యార్థి రంగులు మార్చి, అంచుకు లతలు గీసి తెస్తాడు. ‘మూడు మీటర్ల దూరం నుంచి కింది రెండు పంక్తులు చదవలేకపోతున్నాము, గుండె బొమ్మలో బాణం గుర్తు ఎటు పోతున్నదో తెలియడం లేదు’ అంటే, ఏమి దిద్దాలో అతనికే తెలుస్తుంది. మొదటి మాటలో అభిప్రాయం ఉన్నది. రెండవ మాటలో పరిశీలన ఉన్నది. పటం దిద్దిన తరువాత దానిని అంతకుముందు చూడని మరొక తరగతి పిల్లవానికి చూపి, వాడు ఏమి గ్రహించాడో అడిగి రాసుకోవడం విద్యార్థి వంతు. దిద్దుబాటు ఫలించినదీ లేనిదీ ఆ పిల్లవాని జవాబును బట్టి తెలుస్తుంది.